హాలండ్ లేక్ కేసు: సరస్సు ఒడ్డున లాడ్జి, ఆరున్నర వేల కామెంట్లు

2022 సెప్టెంబరు 1, గురువారం. అమెరికాలో లేబర్ డే లాంగ్ వీకెండ్‌కి అందరూ బ్యాగులు సర్దుకుంటున్న సమయంలో, మోంటానా రాష్ట్రంలోని ఫ్లాట్‌హెడ్ నేషనల్ ఫారెస్ట్ ఆఫీసు నుంచి ఒక ప్రకటన వచ్చింది. హాలండ్ లేక్ అనే సరస్సు ఒడ్డున ఉన్న పాత లాడ్జిని విస్తరించాలని ప్రతిపాదన అందింది, చెప్పదలుచుకున్నది ఉంటే సెప్టెంబరు 21లోగా చెప్పండి అని దాని సారాంశం. అంటే మూడు వారాలు గడువు. మా వృత్తిలో ఇలాంటి ప్రకటనలు రోజూ చూస్తూనే ఉంటాం. వాటిలో చాలావాటికి పది, ఇరవై ఉత్తరాలు వస్తే గొప్ప. దీనికి 6,500 పైగా వచ్చాయి. ఆ నవంబరులోనే ఫారెస్ట్ ఆఫీసు ప్రతిపాదనను వెనక్కి పంపేసింది.

ప్రభుత్వ భూముల్లో కట్టబోయే ప్రాజెక్టుల మీద జనం రాసే కామెంట్లు చదివి, వాటిలో ఏముందో విడదీసి అధికారులకు అందించడం నా ఉద్యోగం. హాలండ్ లేక్ ప్రాజెక్టులో నేను పనిచేయలేదు. కానీ కొత్తగా చేరినవాళ్లకి నేను మొదట చదవమని చెప్పేది ఈ కేసే. ఏ కామెంటు ఎందుకు పనిచేస్తుంది, ఏది పనిచేయదు అన్నది ఇందులో బాగా కనిపిస్తుంది. పైగా దీన్ని 'ప్రజల విజయం' అని అందరూ చెప్పుకున్నారు కానీ, నాకు ఆ మాట మీద కొంచెం పేచీ ఉంది. అది తర్వాత చెప్తాను.

ముందు స్థలం గురించి. హాలండ్ లేక్ స్వాన్ లోయలో ఉంది. ఒకవైపు స్వాన్ పర్వతాలు, ఇంకోవైపు మిషన్ పర్వతాలు. సరస్సు దగ్గర మొదలయ్యే కాలిబాటలు తూర్పున బాబ్ మార్షల్ వైల్డర్‌నెస్‌లోకి వెళ్తాయి. మోటారు వాహనాలకి ప్రవేశం లేని మహారణ్యం అది. చుట్టుపక్కల గ్రిజ్లీ ఎలుగుబంట్లు, కెనడా లింక్స్‌లు (ఒక రకం అడవి పిల్లులు) తిరుగుతాయి. నీళ్లలో బుల్ ట్రౌట్ చేప ఉంది. మూడూ అంతరించే ముప్పున్న జీవుల చట్టం కింద రక్షణ ఉన్నవే. ఒడ్డున ఒక ప్రభుత్వ క్యాంప్‌గ్రౌండు, దాని పక్కన దశాబ్దాల నాటి చిన్న లాడ్జి. లాడ్జి భవనాలు ప్రైవేటువి, నేల మాత్రం ప్రభుత్వానిది. స్పెషల్ యూజ్ పర్మిట్ అనే అనుమతి మీద అప్పట్లో అది నడిచేది.

మనవాళ్లు చాలామంది నేషనల్ పార్కు, నేషనల్ ఫారెస్టు ఒకటే అనుకుంటారు. రెండింటికీ చాలా తేడా ఉంది. పార్కులు ఇంటీరియర్ శాఖ కింద ఉంటాయి. అక్కడ పరిరక్షణదే పైచేయి. నేషనల్ ఫారెస్టులు వ్యవసాయ శాఖలోని ఫారెస్ట్ సర్వీస్ చేతిలో ఉంటాయి. అవి మొత్తం 154. కలప కొట్టుకోవచ్చు, పశువుల్ని మేపుకోవచ్చు, గనులు తవ్వొచ్చు, స్కీ రిసార్టులు పెట్టొచ్చు, అన్నీ నిబంధనలకి లోబడి. అందుకే 'అడవిలో లాడ్జి ఏంటి?' అన్న ప్రశ్న చట్టం ముందు నిలబడదు. ఎంత పెద్దది, ఏ పరిశీలన చేశాక అన్నవే నిలబడే ప్రశ్నలు.

యాభై మందికి చోటున్న లాడ్జిని 156 మందికి పెంచాలన్నది ప్రతిపాదన. 28 గదులతో దాదాపు 13,000 చదరపు అడుగుల కొత్త లాడ్జి భవనం, కొత్త రెస్టారెంటు, 26 కొత్త క్యాబిన్లు. అప్పటిదాకా వేసవి కాలానికే పరిమితమైనది ఏడాది పొడవునా నడుస్తుంది. వెనకున్నది యూటాలోని పార్క్ సిటీ కేంద్రంగా స్కీ రిసార్టులు నడిపే పౌడర్ (POWDR) అనే కంపెనీ. స్థానికుల్ని కుదిపింది ఈ పేరే. 'మా సరస్సుని రిసార్టు చేసేస్తారు' అన్న మాట లోయంతా పాకడానికి ఎక్కువ రోజులు పట్టలేదు.

నా దృష్టిలో మాత్రం అసలు విషయం ప్రకటనలో ఎవరూ పెద్దగా పట్టించుకోని ఒక వాక్యంలో ఉంది. ఈ ప్రాజెక్టును 'కేటగారికల్ ఎక్స్‌క్లూజన్' కింద పరిశీలించాలని అనుకుంటున్నాం అన్న వాక్యం అది. దాన్ని మేం సీఈ అంటాం.

ఇక్కడ కొంచెం నిదానంగా చెప్పాలి. 1970 జనవరి 1న సంతకమైన జాతీయ పర్యావరణ విధాన చట్టం (ఆఫీసుల్లో నీపా అంటారు) ప్రకారం కేంద్ర ప్రభుత్వ సంస్థ ఏదైనా పని చేసే ముందు, లేదా ఇతరులకి అనుమతి ఇచ్చే ముందు, దాని ప్రభావం ఏంటో చూసుకోవాలి. ఎంత లోతుగా చూడాలన్నదానికి మూడు దారులున్నాయి. పెద్ద ప్రాజెక్టయితే ఈఐఎస్ అనే పూర్తి నివేదిక. ప్రభావం పెద్దదో కాదో తేలకపోతే ఈఏ అనే మధ్యరకం పరిశీలన. టాయిలెట్లు బాగుచేయడం, కాలిబాట మరమ్మతు లాంటివైతే సీఈ. అంటే ఈ రకం పనులకి చెప్పుకోదగ్గ ప్రభావం ఉండదని ముందే తేల్చేసి పెట్టుకున్న జాబితా. అందులో పడితే పెద్ద నివేదిక అక్కర్లేదు.

సీఈకి ఇంకో గుణం ఉంది. ఈఏ అయినా ఈఐఎస్ అయినా, నిర్ణయం వెలువడే ముందు 'అబ్జెక్షన్' వేసే అవకాశం ఉంటుంది. 2013లో పాత అప్పీళ్ల పద్ధతి స్థానంలో వచ్చింది ఇది. గడువులోగా, ప్రాజెక్టుకి సంబంధించి నిర్దిష్టంగా కామెంటు రాసినవాళ్లే అబ్జెక్షన్ వేయగలరు. సీఈలో ఆ మెట్టే లేదు. అప్పటి నిబంధనల్లో, మొదట్లో అడిగే అభిప్రాయాలే, అంటే స్కోపింగే, మొదటిదీ చివరిదీ. అది దాటితే కోర్టే.

ఆ స్కోపింగ్ కూడా కొద్దిలో తప్పిపోయేది. 2019లో ఫారెస్ట్ సర్వీస్ తన నిబంధనలు మారుస్తూ, చాలా సీఈలకి స్కోపింగ్ అక్కర్లేకుండా చేయాలని ముసాయిదా పెట్టింది. దాని మీదా జనం గట్టిగా రాశారు. 2020 నవంబరులో వచ్చిన తుది నిబంధనల్లో కొత్త సీఈలు చేరాయి కానీ, స్కోపింగ్ మాత్రం పాతదే ఉంచారు. 2022లో హాలండ్ లేక్ ప్రకటన వెలువడిందీ, జనం రాయగలిగిందీ ఆ మిగిలిన గుమ్మంలోంచే. 2019లో ఆ నిబంధన మీద ఉత్తరాలు రాసినవాళ్లలో హాలండ్ లేక్ పేరు విన్నవాళ్లు ఎంతమంది ఉంటారంటారు?

ఉత్తరాల్లో ఏముంటుంది

మూడు వారాల గడువు చాలదని ఒత్తిడి రావడంతో అక్టోబరు 7 దాకా పొడిగించారు. సభలు పెట్టారు. కామెంట్లు పోటెత్తాయి. వాటిలో అత్యధిక భాగం వ్యతిరేకమే. రీడింగ్ రూమ్ అనే వెబ్ పేజీలో వీటిని ఎవరైనా తెరిచి చదువుకునే ఏర్పాటు ఫారెస్ట్ సర్వీస్‌కి ఉంది.

కామెంట్లు చదవడం ఎలా ఉంటుందో బయటివాళ్లకి తెలియదు కాబట్టి కొంచెం చెప్తాను. ప్రతి ఉత్తరాన్నీ వాక్యాలుగా విడగొట్టి, ఒక్కో వాక్యానికి ఒక కోడ్ ఇస్తాం. నీటి నాణ్యత ఒకటి, వన్యప్రాణులు ఒకటి, ట్రాఫిక్ ఒకటి, ప్రక్రియ మీద అభ్యంతరం ఒకటి, ఇలా. 'ఇది దుర్మార్గం', 'మా పిల్లల కోసం ఈ సరస్సుని వదిలేయండి' లాంటి వాక్యాలకీ ఒక కోడ్ ఉంటుంది. నమోదు చేస్తాం, లెక్కపెడతాం. కానీ అది అధికారి చేత ఏ పనీ చేయించలేదు. 'సాధారణ వ్యతిరేకత' అని రిపోర్టులో ఒక లైను పడుతుంది, అంతే.

వేరే ప్రాజెక్టులో నేను చదివిన ఉత్తరం ఒకటి ఇప్పటికీ గుర్తుంది. గీతల కాగితం మీద పెన్సిల్‌తో నాలుగు పేజీలు. పశువుల పెంపకందారు రాసింది. మొదటి మూడు పేజీలూ ప్రభుత్వానికి తిట్లే, కొన్ని బాగానే ఉన్నాయి కూడా. నాలుగో పేజీలో మాత్రం ఇలా ఉంది: మీరు మ్యాపులో దుంగల లారీలు వెళ్తాయని చూపించిన రోడ్డు మీద, వాగు దాటేచోట ఉన్న కల్వర్టు పైపు మంచు కరిగే రోజుల్లో నిండా మునుగుతుంది, పైపు నోట్లో కొమ్మలు ఇరుక్కుని నీళ్లు రోడ్డెక్కుతాయి, ఆ మట్టంతా కింద చేపలు గుడ్లు పెట్టే గులకరాళ్ల మీద పేరుకుంటుంది. స్థలం ఎక్కడో కూడా రాశాడు. ఆ ఒక్క పేరాకి నాలుగు కోడ్‌లు పడ్డాయి. ఇంజినీరు వెళ్లి చూసొచ్చింది. తుది ప్లానులో అక్కడ పెద్ద పైపు వేయాలన్న షరతు చేరింది. తిట్లకి మాత్రం ఒకటే కోడ్.

హాలండ్ లేక్ ఉత్తరాల్లోనూ రెండు రకాలూ ఉన్నాయి. ఒకవైపు బాల్య జ్ఞాపకాలు, కోపం. ఇంకోవైపు గట్టి ప్రశ్నలు. మనుషులు మూడింతలైతే మురుగునీరు ఎక్కడికి పోతుంది? శీతాకాలంలో కూడా తెరిచి ఉంచితే లింక్స్‌లకి, గుహల్లోంచి బయటికొచ్చే ఎలుగుబంట్లకి ఏమవుతుంది? ఇప్పటికే వేసవిలో నిండిపోయే రోడ్డు సంగతేంటి?

వీటికంటే పదునైన ప్రశ్న ఇంకోటుంది: ఇది సీఈలో ఎలా ఇముడుతుంది? ఫారెస్ట్ సర్వీస్ నిబంధనల్లో 'అసాధారణ పరిస్థితులు' అని ఒక జాబితా ఉండేది. ముప్పున్న జీవులు, చిత్తడి నేలలు, వైల్డర్‌నెస్, రోడ్లు లేని అడవి, మూలవాసుల పవిత్ర స్థలాలు, పురావస్తు స్థలాలు లాంటివి అందులో ఉన్నాయి. అవి ఉన్నంత మాత్రాన సీఈ చెల్లకుండా పోదు. వాటి మీద ఎంత ప్రభావం పడుతుందన్న అనిశ్చితి ఉంటేనే పై మెట్టుకి, అంటే ఈఏకో ఈఐఎస్‌కో వెళ్లాలి. చాలామంది రాసేవాళ్లు 'ఇక్కడ గ్రిజ్లీలున్నాయి' అని చెప్పి ఆగిపోతారు. గ్రిజ్లీలున్నాయన్నది ఆఫీసుకీ తెలుసు. 'రాత్రుళ్లు ఇంతమంది, చెత్తడబ్బాలు ఇన్ని, శీతాకాలం ట్రాఫిక్ ఇంత, వీటి ప్రభావాన్ని మీ కాగితాల్లో ఎక్కడా లెక్కగట్టలేదు' అని రాసినప్పుడే అధికారికి టెన్షన్ మొదలవుతుంది. ఎందుకంటే రేపు జడ్జి చూసేది ఆ ఫైలే.

పదిన్నర ఎకరాలు, పదిహేను ఎకరాలు

ఇంత చేసి, ప్రతిపాదన కుప్పకూలింది మాత్రం వీటిలో దేని మీదా కాదు. ఎకరాల లెక్క మీద.

విస్తరణ కోసం ఇచ్చిన ప్రణాళికలో, అంటే మాస్టర్ డెవలప్‌మెంట్ ప్లాన్‌లో లాడ్జి పర్మిట్ పరిధి 15 ఎకరాలని రాశారు. ఉన్న పర్మిట్ ప్రకారం అది 10.53 ఎకరాలు. పాత కాగితాలు తిరగేస్తే ఎవరికైనా కనపడే తేడా ఇది. నాలుగున్నర ఎకరాలు మన లెక్కలో పెద్దదేం కాకపోవచ్చు. కానీ సీఈ వాదనంతా 'ఉన్న స్థలంలోనే, ఉన్న వాడుకనే మెరుగుపరుస్తున్నాం' అన్న పునాది మీద ఉన్నప్పుడు, ఆ ఉన్న స్థలం ఎంతో తప్పుగా రాస్తే మిగతా లెక్కలన్నిటినీ అనుమానించాల్సి వస్తుంది. నవంబరులో ఫారెస్ట్ ఆఫీసు, ప్లానులో ఇలాంటి పొరపాట్లున్నాయి కాబట్టి దాన్ని ఆమోదించడం లేదని తిప్పి పంపింది.

నా పేచీ ఇక్కడే. ఊరంతా పండగ చేసుకుంది, చేసుకోవాల్సిందే. కానీ రికార్డు చదివితే, మురుగునీటి ప్రశ్నకి ఎవరూ జవాబు చెప్పలేదు. ఆ సరస్సు రాత్రికి ఎంతమంది మనుషుల్ని మోయగలదో ఎవరూ తేల్చలేదు. అంత పెద్ద నిర్మాణం సీఈలో ఇముడుతుందా అన్న అసలు ప్రశ్న మీద అధికారిక తీర్పంటూ ఏదీ లేదు. ఎకరాలు సరిగ్గా రాసి ఉంటే ఏమయ్యేదో రికార్డులో లేదు. 6,500 ఉత్తరాలు లేకపోతే ఆ కాగితాన్ని ఎవరూ అంత దగ్గరగా చూసేవారు కాదన్నది నా అంచనా. ఆ మేరకు సంఖ్యకీ బలం ఉంది. కానీ సంఖ్యే గెలిపించిందని కొత్తవాళ్లకి చెప్తే వాళ్లు తర్వాతి ప్రాజెక్టులో దెబ్బతింటారు.

అలా దెబ్బతిన్న ఉదాహరణ దగ్గర్లోనే ఉంది. అలాస్కాలోని టోంగాస్ నేషనల్ ఫారెస్టుని రోడ్లు లేని అడవుల్లో కొత్త రోడ్లు వేయనివ్వని 2001 నాటి రోడ్‌లెస్ నిబంధన నుంచి మినహాయించాలన్న ప్రతిపాదన మీద, ముసాయిదా దశలో వచ్చిన కామెంట్లలో 96 శాతం మినహాయింపు వద్దన్నాయి. 2020 అక్టోబరులో మినహాయింపు ఇచ్చేశారు. తర్వాత ప్రభుత్వం మారాక 2023 జనవరిలో రక్షణ తిరిగొచ్చింది. దాన్ని తెచ్చింది ఎన్నికలు, కామెంట్ల శాతం కాదు. పబ్లిక్ కామెంటు ఓటు కాదని చట్టం మొదటి నుంచీ చెప్తూనే ఉంది. నూట తొంభై మంది ఒకే ఫారం లెటర్ పంపితే మేం దాన్ని ఒక ఉత్తరంగా చదివి, పక్కన 190 అని వేస్తాం. అందులో ఒకరు కింద రెండు వాక్యాలు సొంతంగా చేర్చితే, ఆ రెండు వాక్యాలకి విడిగా కోడ్ పడుతుంది.

మనవాళ్ల సంగతి

వారాంతాల్లో హైకింగ్‌కి వెళ్లే తెలుగువాళ్లు నన్ను తరచుగా అడిగేది ఒకటుంది: 'మేం హెచ్1బీ మీద ఉన్నాం కదండీ, మేం కామెంటు పెట్టొచ్చా?' పెట్టొచ్చు. పౌరసత్వంతో సంబంధం లేదు. ఆ ఊరివాళ్లే అయ్యుండాలన్న నియమమూ లేదు. వెనకాడేవాళ్లు తెలుసుకోవాల్సింది వేరే ఉంది. మీ పేరు, మీరు రాసిన మాట బహిరంగ రికార్డులోకి వెళ్తాయి. పేరు లేకుండా రాసినా చదువుతారు, పరిగణనలోకి తీసుకుంటారు. కాకపోతే తర్వాత అబ్జెక్షన్ వేసే హక్కు ఉండదు. ఎవరు రాశారో తెలియనివాళ్లకి ఆ హక్కు ఎలా ఇస్తారు? కాబట్టి వీసా భయం ఎక్కువుంటే పేరు లేకుండానైనా విషయం రాయండి. ప్రాజెక్టు మీద గట్టి పట్టింపు ఉంటే పేరు, చిరునామాతో గడువులోగా రాయండి.

ఇంకో ప్రశ్న కూడా వస్తుంది, మన దగ్గర ఇలాంటివి ఉన్నాయా అని. ఉన్నాయి, వేరే రూపంలో. 2006 నాటి పర్యావరణ ప్రభావ అంచనా (ఈఐఏ) నోటిఫికేషన్ కింద కాలుష్య నియంత్రణ మండలి ప్రజాభిప్రాయ సేకరణ సభ పెడుతుంది, జిల్లా కలెక్టరో ఆయన తరఫు అధికారో అధ్యక్షత వహిస్తారు. షామియానా కింద మైకు పట్టుకుని మాట్లాడే అవకాశం ఉంటుంది. అమెరికా పద్ధతిలో కాగితం బలం ఎక్కువ, మన పద్ధతిలో మనిషి ఎదురుగా నిలబడి అడగడం ఎక్కువ. రాయడం రానివాళ్లకి మనదే మేలని నేను అనుకుంటాను. కానీ ఆ సభ అన్ని దశల్లోనూ ఉండదు. 2019లో అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో 83 చదరపు కిలోమీటర్లలో యురేనియం అన్వేషణకి అటవీ సలహా సంఘం సూత్రప్రాయంగా ఒప్పుకున్నప్పుడు, చెంచులు, నల్లమల జనం తమ మాట చెప్పడానికి అలాంటి వేదిక లేదు. రోడ్డెక్కి చెప్పారు. ఆ సెప్టెంబరులో తెలంగాణ శాసనసభ యురేనియం తవ్వకాలకి వ్యతిరేకంగా తీర్మానం చేసింది. అక్కడ సంఖ్య, గొంతు పనిచేశాయి. ఫైలు చూసే పద్ధతి వేరైనప్పుడు పనిచేసే ఆయుధమూ వేరవుతుంది.

2022 తర్వాత

హాలండ్ లేక్‌ని కొత్తవాళ్లకి బోధిస్తున్నప్పుడు ఈ మధ్య నేను ఒక హెచ్చరిక కూడా చేర్చాల్సి వస్తోంది. ఆ కేసులో జనం నిలబడ్డ నేల ఇప్పుడు అలాగే లేదు. 2025లో వైట్‌హౌస్ పర్యావరణ మండలి తన నీపా నిబంధనల్ని రద్దు చేసుకుంది. మే నెలలో సుప్రీంకోర్టు, నీపా మీద వచ్చిన సెవెన్ కౌంటీ అనే కేసులో, పరిశీలన ఎంత లోతుగా ఉండాలన్న విషయంలో కోర్టులు సంస్థల నిర్ణయాన్ని గౌరవించాలని గట్టిగా చెప్పింది. జులైలో వ్యవసాయ శాఖ మధ్యంతర నిబంధనలు తెచ్చి, ఫారెస్ట్ సర్వీస్ సొంత నీపా నిబంధనల్ని ఎత్తేసింది. చిన్న, మధ్యరకం పరిశీలనల్లో జనాన్ని ఎప్పుడు, ఎలా అడగాలన్నది చాలావరకు అధికారుల విచక్షణకి వదిలేసింది. ఆ ఆగస్టు చివర్లో రోడ్‌లెస్ నిబంధన రద్దు ప్రతిపాదన మీద కామెంట్లకి ఇచ్చిన గడువు మూడు వారాలు. 2001లో అదే నిబంధన తెచ్చేటప్పుడు దేశమంతా 600కి పైగా సభలు పెట్టారు.

గడువులు కుదించుకుపోతున్నప్పుడు ప్రకటన వచ్చాక మేల్కొంటే చాలడం లేదు. అందుకని నేను ఇప్పుడు చెప్తున్న పద్ధతి ఇది. ప్రతి నేషనల్ ఫారెస్టూ మూడు నెలలకోసారి, రాబోయే ప్రాజెక్టుల జాబితా పెడుతుంది. మీరు తరచుగా వెళ్లే ఫారెస్టుది తెరిచి, 'సీఈ' అని రాసి ఉన్న వరుసలు ముందు చూడండి. పని పేరు చిన్నగా ఉండి, ఎకరాలో గదుల సంఖ్యో పెద్దగా ఉన్నదాని దగ్గర ఆగండి. ఆ రేంజర్ ఆఫీసుకి ఫోన్ చేసి, మెయిలింగ్ లిస్టులో పేరు చేర్చమని అడగండి. ఫోనెత్తేది సాధారణంగా ఫ్రంట్ డెస్క్‌లో ఉండే ఒక మనిషే. విసుగు లేకుండా చెప్తారు. పర్మిట్ కాపీ కావాలంటే ఎవరిని అడగాలో కూడా అప్పుడే అడిగేయండి. హాలండ్ లేక్‌లో 10.53 అన్న అంకె ఉన్నది అలాంటి పర్మిట్ కాగితంలోనే.